న్యూరాన్‌కూ ఇరుగుపొరుగు కావాలి



మన స్కూల్లో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు బయాలజీ చెప్పేది నేనే. పీటీఎంలో మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, జ్ఞాపకశక్తికి మంచిదంటే ఒక డబ్బా తెచ్చాం. రోజూ పాలల్లో కలిపి ఇస్తున్నాం. పనిచేస్తుందంటారా?" మీ వెనక లైన్లో ఇంకో పదిమంది ఉంటారు కాబట్టి రెండు నిమిషాల్లో తేల్చి చెప్పలేను. అందుకే ఈ నెల తెలుగు పేజీలను అడిగి మరీ తీసుకున్నాను. జవాబులో సగం నా పుస్తకాల్లో ఉంది, సగం మా ఇంట్లో ఉంది. రెండూ చెబుతాను.

ఎనభై ఏళ్లు బతికే కణం

మన చర్మం పైపొర కణాలు రోజూ రాలిపోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. న్యూరాన్, అంటే నాడీకణం, అలా కాదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయని లెక్క. వాటిలో దాదాపు అన్నీ మనతోపాటు పుట్టినవే, మనతోపాటే ముసలివయ్యేవే. ఒకటి చనిపోతే దాని బదులు కొత్తది రావడం చాలా అరుదు. మీ ఇంట్లో నానమ్మకు ఎనభై ఏళ్లుంటే, ఆమె చిన్ననాటి కబుర్లు దాచుకున్న న్యూరాన్లకూ ఎనభై ఏళ్లే.

ఈ పాఠం చెబుతున్నప్పుడు వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "మేడమ్, మరి అన్నేండ్లు అవి చచ్చిపోకుండ ఎట్ల ఉంటయ్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం వాడికి చప్పట్లు కొట్టించాను. ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇప్పటికీ వెతుకుతున్నది ఆ ప్రశ్నకు జవాబునే.

ఇప్పటిదాకా తెలిసినంతలో జవాబు ఇది: న్యూరాన్ ఒంటరిగా బతకదు. పక్క న్యూరాన్‌తో మాట్లాడుతూ బతుకుతుంది.

ఖాళీ గిన్నె తిరిగి పంపరు కదా

మన చిక్కడపల్లి సందుల్లో మిగిలిన పాత ఇళ్ల డాబాలను చూడండి. ఈ డాబాకూ ఆ డాబాకూ మధ్య చేయి చాపితే అందేంత ఎడం. ఇటునుంచి ఆవకాయ గిన్నె వెళ్తుంది. రెండు రోజుల తర్వాత అదే గిన్నె తిరిగి వస్తుంది, కానీ ఖాళీగా రాదు. నాలుగు అరిసెలో, కాసింత పులిహోరో, ఏమీ లేకపోతే కరివేపాకు రెబ్బో వేసి పంపుతారు. ఖాళీ గిన్నె పంపడం మన ఇళ్లలో మర్యాద కాదు.

రెండు న్యూరాన్ల మధ్య కూడా అలాంటి సందు ఉంటుంది. దాన్ని సినాప్స్ అంటాం. ఆ సందు వెడల్పు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఇటు న్యూరాన్ గ్లుటమేట్ లాంటి రసాయనాన్ని సందులోకి వదులుతుంది. అటువైపు గుమ్మంలో కాపలా ఉన్న ప్రోటీన్లు దాన్ని అందుకుంటాయి. వీటిని గ్రాహకాలు అంటాం. కబురు అందుతుంది. ఇంతవరకు మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఉంది.

పుస్తకంలో లేనిది ఆ తర్వాతి సంగతి. కబురు అందుకున్న కణం కూడా గిన్నెను ఖాళీగా పంపదు. కొన్ని ప్రోటీన్లను సందులోకి వదులుతుంది. "నీ కబురు అందింది, నువ్వు కావాలి, బతికే ఉండు" అని వాటి అర్థం. వీటిని మొదట పట్టుకున్నది ఇటలీకి చెందిన రీటా లెవీ మోంటాల్చీనీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యూదులపై ఆంక్షల వల్ల యూనివర్సిటీలో పని పోతే, ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడిగుడ్లలోని పిండాల నరాలను పరిశీలించింది. తర్వాత 1950లలో అమెరికాలో, నరాలను పెంచి పోషించే ఎన్జీఎఫ్ అనే ప్రోటీన్‌ను వెలుగులోకి తెచ్చింది. 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ అందుకుంది. 1982లో ఈవ్ అలాన్ బార్డ్ బృందం పంది మెదడు నుంచి ఇదే కుటుంబానికి చెందిన మరో ప్రోటీన్‌ను వేరు చేసింది. దాని పేరు బీడీఎన్ఎఫ్. మన మెదడులో జ్ఞాపకాలు ఏర్పడే చోట ఇది బాగా పనిచేస్తుంది.

బీడీఎన్ఎఫ్ అటు కణం గుమ్మంలోని గ్రాహకాన్ని తాకగానే లోపల ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌ను, అది మరొకదాన్ని తట్టి లేపుతాయి. ఆ వరసలో ఏకేటీ అనే ప్రోటీన్ ఒకటి. కణం తనను తాను చంపుకునే యంత్రాంగాన్ని అది ఆపి ఉంచుతుంది. వరసలో చివరి కబురు కేంద్రకం దాకా చేరి, కణాన్ని కాపాడే జన్యువులను పని చేయిస్తుంది. మాట్లాడుకునే న్యూరాన్లు బలంగా ఉండటానికి, మాటలు ఆగిపోయిన న్యూరాన్లు నీరసించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

అదే కబురు అతి అయితే

గ్లుటమేట్ కబురు మోతాదు మించితే కణానికే ముప్పు. దీనికి దూరదేశపు ఉదాహరణ అక్కర్లేదు. మన తార్నాక దాకా వెళ్తే చాలు.

కేసరి పప్పు పేరు మీరు వినే ఉంటారు. కందిపప్పులో, శనగపిండిలో కల్తీ చేస్తారని మన పిల్లలు ఆహార కల్తీ ప్రాజెక్టులో రాస్తుంటారు. ఒకవైపు ఏటవాలుగా చెక్కినట్టు, కాస్త నలుచదరంగా కనిపించే గింజ అది. నీళ్లు లేకపోయినా పండుతుంది. అందుకే కరువు వచ్చినప్పుడు మధ్యప్రదేశ్, బిహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల పేదలకు అదే తిండి అయ్యేది. వెట్టి కూలీలకు కూలి కింద ఆ గింజలే కొలిచేవారు. నెలల తరబడి అదే ప్రధాన ఆహారంగా తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయేవి. కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతూ నడిచేవారు. తెలివితేటలకు ఏమీ కాదు, కాళ్లు మాత్రం మళ్లీ మామూలు కావు. ఈ జబ్బు పేరు లాథిరిజం. 1961లో ఈ పప్పు అమ్మకాన్ని మన దేశంలో నిషేధించారు.

కారణం 1964లో దొరికింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఆ గింజలోని విషాన్ని వేరు చేసి దాని నిర్మాణం చెప్పారు. ఆ రావుగారే తర్వాత మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా ఉండి ఈ విషం మీద పరిశోధన సాగించారు. ఉస్మానియా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. పప్పును వేడి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుందని 1960లలో ఆ సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. ఏ యంత్రమూ అక్కర్లేని, పేదింటి పొయ్యి దగ్గర చేసుకోగల ఉపాయం అది.

ఆ విషం చేసే పని సినాప్స్ దగ్గరే. దాని రూపం గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది. అందుకే గుమ్మంలోని గ్రాహకాలు దాన్ని గ్లుటమేట్ అనుకుని తలుపు తీస్తాయి. కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి తీయకుండా నొక్కితే ఇంట్లో వాళ్లకు ఎలా ఉంటుంది? ఆ న్యూరాన్‌కూ అంతే. లోపలికి కాల్షియం వరదలా వస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణం చనిపోతుంది.

ఈ కథలో కాపాడే ప్రోటీన్ కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న విజయలక్ష్మీ రవీంద్రనాథ్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ఈ విషాన్ని ఎలుకల మీద పరీక్షించారు. గ్లుటారెడాక్సిన్ అనే ప్రోటీన్ దెబ్బతిన్న మైటోకాండ్రియాను మళ్లీ పనిలో పెడుతోందని 2002లో ప్రచురించారు. ఆడ ఎలుకల మెదడులో ఆ ప్రోటీన్ సహజంగానే ఎక్కువని కూడా ఆమె బృందం గమనించింది. లాథిరిజం మగవాళ్లలోనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందన్న పాత ప్రశ్నకు ఇది ఒక దారి చూపింది. అదే బృందం 2017లో ఆల్జీమర్స్ మీద ఇంకో సంగతి చెప్పింది. ఆ జబ్బు వచ్చేలా పెంచిన ఎలుకల్లో మతిమరుపు బయటపడకముందే, నేను పైన చెప్పిన ఏకేటీ కబురు సినాప్స్ దగ్గర తెగిపోతోంది. కణం చనిపోవడం తర్వాతి మాట. ముందు ఆగిపోయేది పలకరింపు.

మా ఇంటి పాఠం

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో ఒక పొద్దున మా నాన్న టీ గ్లాసు అందుకోబోతే చేయి లేవలేదు. మూతి ఒకవైపు జారింది. "ఏమైంది నాన్నా" అంటే మాట ముద్దముద్దగా వచ్చింది. మేముండేది అశోక్‌నగర్‌లో. పండక్కి ఊరంతా ఖాళీ కాబట్టి రోడ్లు ఖాళీ. కింది వాటా అంకుల్ కారు తీశారు. గంటన్నరలో నాన్న ఆసుపత్రి బెడ్ మీద ఉన్నారు. స్కాన్ చేసి, రక్తం గడ్డ కట్టిందని చూసి, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు అయితేనే ఆ ఇంజెక్షన్ ఇస్తారని డాక్టరుగారు చెప్పారు.

బయట కుర్చీలో కూర్చుని నేను చేసిన పని ఒక్కటే. లోపల నాన్న మెదడులో ఏం జరుగుతోందో పాఠంలా తలచుకోవడం. రక్తం ఆగితే ఆక్సిజన్, గ్లూకోజ్ ఆగుతాయి. ఏటీపీ పడిపోతుంది. కణాలకు శక్తినిచ్చే ఆ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. అది పడిపోతే సందులో మిగిలిన గ్లుటమేట్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చేసే ప్రోటీన్లు ఆగిపోతాయి. గ్లుటమేట్ పొంగి పొర్లుతుంది. కేసరి పప్పు నెలల్లో చేసే పనిని ఇది నిమిషాల్లో మొదలుపెడుతుంది. గడ్డ కట్టిన చోట కణాలు వెంటనే పోతాయి. చుట్టూ ఉన్న కణాలు మాత్రం కొన్ని గంటలపాటు అటా ఇటా అని ఊగిసలాడతాయి. ఆసుపత్రికి పరుగెత్తేది వాటి కోసమే.

నాన్న బతికారు, మాట వచ్చింది. కుడిచేయి మాత్రం మొండికేసింది. ఇంటికొచ్చి వ్యాయామం చేయించిన ఫిజియోథెరపిస్టు ప్లాస్టిక్ గ్లాసు ముందు పెట్టి, "పట్టుకోండి, వదలండి. రోజుకు రెండొందల సార్లు" అన్నారు. నాన్నకు విసుగు. "దీనితోటి ఏమొస్తది బిడ్డా?" అనేవారు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని. పోయిన న్యూరాన్లు తిరిగి రావు. పక్కవి కొత్త సినాప్స్‌లు వేసుకుని ఆ పనిని కొంత నెత్తిన వేసుకుంటాయి. అవి ఆ దారిని నిలుపుకోవాలంటే దానిమీద రాకపోకలు ఉండాలి. ప్రతి ప్రయత్నం ఒక కబురు, ప్రతి కబురుకూ తిరుగు గిన్నె. ఐదు నెలలకు నాన్న తన పేరు తాను రాశారు. అక్షరాలు వంకర. ఆ కాగితం ఇప్పటికీ నా బయాలజీ ఫైల్లో ఉంది.

ఇప్పుడు పొద్దున ఇందిరా పార్కులో నడుస్తారు, సాయంత్రం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి పేపర్లు చదువుతారు. అక్కడ గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కబుర్లు పెట్టుకుంటారు. వాళ్ల చదువు పాడవుతుందని అమ్మ కోప్పడుతుంది. నేనైతే ఆయన్ని ఆపను.

మరి డబ్బా సంగతి?

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. మనం తిన్న ప్రోటీన్ ఏదైనా కడుపులో, పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. డబ్బా మీద మెదడు బొమ్మ ఉన్నంత మాత్రాన అందులోని ప్రోటీన్ నేరుగా మెదడుకు వెళ్లదు. పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు ఇచ్చే అమైనో ఆమ్లాలే అదీ ఇస్తుంది. బిడ్డ సరిగా తినకపోతే, బరువు పెరగకపోతే పిల్లల డాక్టరును అడిగి ఇవ్వండి. మార్కుల కోసమైతే ఆ డబ్బులు మిగుల్చుకోండి. సినాప్స్ దగ్గర పనిచేసే ప్రోటీన్లను న్యూరాన్లే తయారు చేసుకోవాలి. ఆ పనికి వాటికి కావలసినవి మూడు, నాలుగు ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు.

మొదటిది ఆట. 1995లో కార్ల్ కాట్‌మన్ బృందం చక్రంలో పరుగెత్తిన ఎలుకల మెదడులో బీడీఎన్ఎఫ్ తయారీ పెరిగినట్టు చూపించింది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవాళ్ల మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం సుమారు 2 శాతం పెరిగింది. అందుకే పదో తరగతి తల్లిదండ్రులకు ఒక మనవి. గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని మీలో కొందరు ఏటా లెటర్ ఇస్తుంటారు. ఈ ఏడాది ఇచ్చే ముందు ఈ పేరా మళ్లీ ఒకసారి చదవండి. ఆ నలభై నిమిషాలు చదువుకు అడ్డం రావు.

రెండోది నిద్ర. పగలు నేర్చుకున్నది నిద్రలోనే గట్టిపడుతుంది. అశోక్‌నగర్‌లో రాత్రి ఒంటిగంటకు కూడా టీ కొట్ల దగ్గర పుస్తకాలు పట్టుకున్న అన్నలు, అక్కలు కనిపిస్తారు. వాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల అవసరాలు వేరు. పద్నాలుగేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పరీక్ష ముందు రోజు రాత్రి కూడా.

మూడోది మళ్లీ మళ్లీ చేయడం. ఒకే రాత్రి పది గంటలు చదవడం కన్నా, రోజుకో గంట పది రోజులు చదివితే ఎక్కువ నిలుస్తుంది. మా నాన్న ఒక్కరోజులో వెయ్యిసార్లు గ్లాసు పట్టుకుని ఉంటే చేయి వాచేది, అంతే. రోజూ పట్టుకున్నారు కాబట్టే ఆ చేయి మాట విన్నది.

నాలుగోది మాట. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి, "ఇవాళ క్లాసులో ఏం చెప్పారు, నాకు చెప్పు" అని అడగండి. మీకు ఇంగ్లిష్ మీడియం సబ్జెక్ట్ రాదని జంకకండి. తెలుగులో అడగండి, తెలుగులో చెప్పనివ్వండి. చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని ఇంకొకరికి చెప్పడం, ఊరికే ఇంకోసారి చదవడం కన్నా మేలు చేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి చివరగా ఒక మాట. మూతి ఒకవైపు జారడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, మాట తడబడటం: వీటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూడకండి. ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి రాసుకోండి. 108కి ఫోన్ చేయండి, లేదా ఎవరి కారు దొరికితే ఆ కారులో, స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. ఈ మూడు గుర్తులను మీ పిల్లలకు కూడా నేర్పండి. ఆ సమయానికి ఇంట్లో తాతయ్య దగ్గర ఉండేది వాళ్లే కావచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలకు నేను నేర్పేశాను. ఈ శనివారం ఇంట్లో అప్పజెప్పించుకోండి.